ఇప్పటి పరిస్థితి 1914లా ఉందా, 1938లా ఉందా, లేక మన బొబ్బిలి యుద్ధంలా ఉందా?

గంటస్తంభం (విజయనగరం)

నిన్న రాత్రి టీవీలో ఒక చర్చ చూసి నిద్ర చెడగొట్టుకున్నాను. రిటైరైన దౌత్యవేత్త ఒకాయన ఇది అచ్చం 1914 అంటాడు. పక్కాయన కాదు కాదు, 1938 అంటాడు. యాంకర్‌కి ఆ రెండూ పట్టలేదు. మూడో ప్రపంచ యుద్ధం ఎప్పుడో చెప్పమని ఇద్దరినీ వాయించేస్తున్నాడు.

డిగ్రీ పిల్లలకి చరిత్ర చెప్పేవాణ్ణి కాబట్టి ఆ రెండు సంవత్సరాల కథ ముందు పెడతాను. తెలిసినవాళ్ళు దాటేయండి.

1914 జూన్ 28న సారయేవోలో ఆస్ట్రియా యువరాజుని చంపారు. ఆ తర్వాత మూడు వారాలకు పైగా పైకి ఏమీ కనపడలేదు. జులై 23న ఆస్ట్రియా సెర్బియాకి 48 గంటల గడువు పెట్టింది. 28న యుద్ధం ప్రకటించింది. 30న రష్యా మొత్తం సైన్యాన్ని కదిలించింది. ఆగస్టు 1న జర్మనీ దిగింది, 4న బ్రిటన్ దిగింది. గడువు కాగితం చేతికిచ్చిన నాటి నుంచి లెక్కేస్తే పన్నెండు రోజులు. ఒకరి కదలిక చూసి ఇంకొకరు కదిలారు, ఆగితే పరువు పోతుందని ఎవరూ ఆగలేదు.

1938 వేరు. హిట్లర్ చెకోస్లొవేకియాలోని సుడెటెన్‌లాండ్ అడిగాడు. బ్రిటన్, ఫ్రాన్స్ మ్యూనిక్‌లో కూర్చుని సెప్టెంబరు 30న ఇచ్చేశాయి. చెకోస్లొవేకియాని ఆ గదిలోకి పిలవను కూడా లేదు. ఆరు నెలలు తిరగకుండా ప్రాగ్ పోయింది, ఏడాది లోపు పోలండ్ మీద పడ్డాడు.

మొదటి కథ చదివినవాడు తొందరపడొద్దు అంటాడు. రెండోది చదివినవాడు లొంగొద్దు అంటాడు. ఉక్రెయిన్, గాజా, ఇరాన్, మన సరిహద్దు... వీటిని చూస్తే మీకు ఏ పాత యుద్ధం గుర్తొస్తోంది? పార్టీల గొడవ మాత్రం వద్దు.

వంశధార కుర్రాడు (నరసన్నపేట)

మాస్టారూ, ఇందులో ఆలోచించడానికి ఏముంది? 1938యే. 1994లో బుడాపెస్ట్‌లో సంతకాలు పెట్టించుకుని ఉక్రెయిన్ దగ్గరున్న అణ్వాయుధాలు రష్యాకి పంపించేశారు. మీ సరిహద్దుల్ని గౌరవిస్తాం అని అమెరికా, బ్రిటన్, రష్యా మాటిచ్చాయి. 2014లో క్రిమియా పోయింది. నాలుగు ఆంక్షలు పెట్టి ఊరుకున్నారు. 2022 ఫిబ్రవరి 24న మిగతాది మొదలైంది. మ్యూనిక్‌కీ దీనికీ తేడా ఏంటి?

మన దగ్గరైనా అంతే. 2001లో పార్లమెంటు మీద దాడి, 2008లో ముంబై. ఓర్చుకున్నాం. ఏం ఒరిగింది? ఉరి తర్వాత, పుల్వామా తర్వాత, పహల్గాం తర్వాత ఓర్చుకోలేదు. పహల్గాంలో 26 మంది పోయారు, మన రాష్ట్రం వాళ్ళూ ఉన్నారు. 1914 కథ చెప్పేవాళ్ళు ఆ ఇళ్ళకి వెళ్ళి చెప్పాలి.

నేను ఆర్మీ రిక్రూట్‌మెంట్‌కి రన్నింగ్ చేస్తున్నాను. ఎక్కడో కూర్చుని ధైర్యం మాటలు చెప్తున్నానని ఎవరూ అనకండి.

గంటస్తంభం

ఎవరూ అనరు నాయనా. అయితే ఒకటి చెప్పనీ. 1938లో హిట్లర్, ముస్సోలినీలకి లొంగకూడదని చెప్పి బ్రిటన్ విదేశాంగ మంత్రి పదవి వదులుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు, ఆంథొనీ ఈడెన్. చరిత్ర ఆయన వైపే నిలిచింది. 1956 నాటికి ఆయనే ప్రధాని. ఈజిప్టు నాసర్ సూయజ్ కాలువని జాతీయం చేస్తే ఈడెన్‌కి వెంటనే 1938 గుర్తొచ్చింది. ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌తో కలిసి సైన్యాన్ని దించాడు. అమెరికా కన్నెర్ర చేసింది, పౌండు విలువ ఊగిపోయింది, దించిన సైన్యాన్ని వెనక్కి తీసుకున్నారు. 1957 జనవరిలో ఈడెన్ ఇంటికెళ్ళాడు. నాసర్ అరబ్బు ప్రపంచానికి హీరో అయ్యాడు.

1938ని అందరికంటే బాగా చదివినవాడే 1956లో పప్పులో కాలేశాడు. వియత్నాంలోకి దిగేటప్పుడు అమెరికా అధ్యక్షుడు జాన్సన్ నోటా మ్యూనిక్ మాటే వచ్చింది. అందుకే ఎవరైనా మ్యూనిక్ పేరెత్తితే నేను ముందు ఎదుటివాడి కొలతలు అడుగుతాను. వాడి సైన్యం ఎంత, వాడు అడుగుతున్నది ఎక్కడితో ఆగుతుంది అని.

వంశధార కుర్రాడు

మరి రష్యా కొలతలు చిన్నవా మాస్టారూ?

గంటస్తంభం

చిన్నవి కావు. ఉక్రెయిన్ వరకు నీ వాదనకి బలముంది. అన్నిచోట్లా అదే తూకంరాయి వాడొద్దంటున్నాను.

పలాస జీడిపప్పు

నాకు ఏ సంవత్సరమూ గుర్తు రాలేదు గానీ 2022 మార్చి మాత్రం బాగా గుర్తుంది. పొద్దుతిరుగుడు నూనె మనకి ఎక్కువగా వచ్చేది ఉక్రెయిన్ నుంచే, తర్వాత రష్యా. ఓడలు ఆగిపోయాయి, నూనె ప్యాకెట్ మీద రేటు వారానికోసారి మారింది. మా ఇంట్లో గారెలు బందు. యుద్ధం అంటే ఏమిటో మా ఆవిడ నాకంటే ముందే చెప్పింది.

సరే, కానివ్వండి. చదువుతున్నాను.

మాజీ హవల్దార్ (ఆమదాలవలస)

కుర్రాడా, రన్నింగ్ చేస్తున్నావు, సంతోషం. 2001 తర్వాత ఓర్చుకున్నాం అని రాశావు చూడు, అక్కడ నేను మాట్లాడాలి. ఆ ఓర్చుకోవడంలో నేనున్నాను.

2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. వారం తిరగకుండా మా యూనిట్‌కి ఆర్డర్ వచ్చింది. పేరు ఆపరేషన్ పరాక్రమ్. లక్షల మంది జవాన్లని సరిహద్దుకి తరలించారు. ట్యాంకులు, ఫిరంగులు, మందుగుండు అన్నీ రైళ్ళ మీదే. మేం రాజస్థాన్ ఇసుకలో దిగేసరికి జనవరి. పెద్ద దాడికి సిద్ధం చేసిన దళాలన్నీ చోటు చేరడానికి సుమారు మూడు వారాలు పట్టింది. ఈ లోపల అమెరికావాళ్ళు రెండు రాజధానుల మధ్యా తిరిగేశారు, జనవరి 12న ముషారఫ్ టీవీలో ఉపన్యాసం ఇచ్చేశాడు. మేం అక్కడే ఉన్నాం. మేలో కాలూచక్‌లో మా జవాన్ల కుటుంబాల మీద దాడి జరిగింది. మళ్ళీ ఇవాళో రేపో అన్నారు. మేం అక్కడే ఉన్నాం. అక్టోబరులో వెనక్కి రమ్మన్నారు.

యుద్ధం జరగలేదు కదా, నష్టం లేదనుకుంటారు చాలామంది. పార్లమెంటులో ప్రభుత్వం చెప్పిన లెక్క 798 మంది. కార్గిల్‌లో పోయినవాళ్ళు 527. గుండు పేలని ఆ పది నెలల్లో పేలిన యుద్ధం కంటే ఎక్కువమందిని పోగొట్టుకున్నాం. చాలావరకు మందుపాతరల దగ్గర, వాహన ప్రమాదాల్లో. మైన్లు పెట్టేటప్పుడు వరసకీ వరసకీ కొలత రాసుకుంటాం, మ్యాప్ గీస్తాం. ఇసుక గాలికి ఆ కొలతలు నిలవవు. తీసేటప్పుడు సూది లాంటి కడ్డీతో నేలని ఏటవాలుగా పొడుచుకుంటూ, బోర్లా పడుకుని, జానెడు జానెడు ముందుకి పోవాలి. నా పక్క సెక్షన్ కుర్రాడు, మన జిల్లావాడే, తీసే పనిలోనే కాలు పోగొట్టుకున్నాడు. యుద్ధంలో గాయపడ్డావా అని ఊళ్ళో అడిగితే ఏం చెప్పాలో వాడికి తెలిసేది కాదు.

మాస్టారు చెప్పిన 1914కి వస్తాను. జర్మనీ చక్రవర్తి ఆగస్టు 1న ఆఖరి నిమిషంలో వెనక్కి తగ్గి, సైన్యాన్ని ఫ్రాన్స్ వైపు కాకుండా ఒక్క రష్యా వైపే పంపుదాం అన్నాడట. సేనాపతి మోల్ట్‌కే కుదరదన్నాడు. పదకొండు వేల రైళ్ళ టైం టేబుల్, ఏడాది పట్టిన పని, ఇప్పుడు మారిస్తే సైన్యం కాదు, గుంపు మిగులుతుంది అన్నాడు. అక్కడ రైళ్ళు యుద్ధాన్ని లాక్కెళ్ళాయి. 2002లో అవే రైళ్ళు నెమ్మదిగా నడిచి యుద్ధాన్ని ఆపాయని నా అభిప్రాయం. మా అధికారులు మాత్రం ఆ నెమ్మదిని లోపంగానే చూశారు. ఇంకోసారి రోజుల్లో దాడికి దిగేలా ఏర్పాట్లు ఉండాలన్నారు. కోల్డ్ స్టార్ట్ అనే ఆలోచన అక్కడ పుట్టిందే.

వంశధార కుర్రాడు

బాబాయ్‌గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. అయినా అడుగుతాను. మీ లెక్కే నా వాదన కదా? పది నెలలు కూర్చోబెట్టి 798 మందిని పోగొట్టుకున్న దానికంటే, 2025 మే 7న కొట్టి మే 10న ముగించడం మేలు కాదా? తొమ్మిది చోట్ల కొట్టాం, నాలుగో రోజు మధ్యాహ్నం 3.35కి వాళ్ళ మిలిటరీ ఆపరేషన్ల డీజీయే ఫోన్ చేశాడు, సాయంత్రం 5కి ఆగింది. అణుబాంబు ఉంది, ఉంది అని పాతికేళ్ళుగా భయపెట్టారు. ఏమైంది?

మాజీ హవల్దార్

మంచి ప్రశ్నే తమ్ముడూ. కొట్టడం తప్పని నేననను, యూనిఫారం వేసుకున్నవాణ్ణి. కానీ ఆ నాలుగు రోజులూ నేను టీవీ చూడలేదు, టెన్షన్ తట్టుకోలేక పొలం వెళ్ళిపోయాను. మా రోజుల్లో దెబ్బకీ ఎదురుదెబ్బకీ మధ్య పైవాళ్ళు కూర్చుని ఆలోచించుకునే వ్యవధి ఉండేది. ఇప్పుడు డ్రోన్లు, క్షిపణులు. మొదటి రోజు ఉగ్రవాద శిబిరాలతో మొదలైంది నాలుగో రోజుకి ఎయిర్‌బేస్‌ల దాకా పోయింది. ఐదో రోజు ఉంటే ఎక్కడికి పోయేదో నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను.

ఇంకోటి. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్ళి పాకిస్తాన్‌లో మియా చన్నూ దగ్గర పడింది. వంద కిలోమీటర్లకి పైగా లోపలికి. అందులో వార్‌హెడ్ లేదు, ఎవరూ చావలేదు. వాళ్ళు ఎదురు కాల్చలేదు. రెండు రోజులకి మనవాళ్ళు పొరపాటని ఒప్పుకున్నారు, ఆగస్టులో ముగ్గురు ఎయిర్‌ఫోర్స్ అధికారుల్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ మార్చి మామూలు మార్చి కాబట్టి సరిపోయింది. అదే 2025 మే 9 రాత్రి పడి ఉంటే?

బొబ్బిలి వీణ (బొబ్బిలి)

మీరంతా యూరప్ తిరిగొస్తున్నారు, ఇంటి పక్కనున్నది ఎవరూ ఎత్తట్లేదు. 1757 జనవరి 24. మా కోట.

సినిమా కథ పక్కన పెట్టండి. జరిగింది ఇది. ఫ్రెంచి సేనాని బుస్సీ సర్కారు జిల్లాల్లో బకాయిలు వసూలు చేసుకోవడానికి వచ్చాడు. ఆయనకి ఇక్కడ ఒక పెద్ద జమీందారు తోడు కావాలి. విజయనగరం పెద విజయరామరాజుకి బొబ్బిలితో పాత పగ ఉంది, తీర్చుకోవడానికి ఫిరంగులు కావాలి. ఇద్దరికీ కుదిరింది. బొబ్బిలి వదిలేసి వేరేచోట భూములు తీసుకోమని బొబ్బిలి రాజు రంగారావుకి కబురు పెట్టారు, ఆయన ఒప్పుకోలేదు. ఈలోగా బొబ్బిలి అడవిలో బుస్సీ సిపాయిల దండు మీద దాడి జరిగింది. అది రంగారావు పనేనని విజయరామరాజు బుస్సీని నమ్మించాడని ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు ఓర్మ్ రాశాడు. నిజంగా ఎవరు చేశారో తేల్చుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. దండు కదిలింది.

1964 ఆగస్టులో టోంకిన్ సింధుశాఖలో జరిగింది ఇదే. 2వ తేదీన ఉత్తర వియత్నాం పడవలు అమెరికా ఓడ మీద దాడి చేసిన మాట నిజం. 4వ తేదీన జరిగిందన్న రెండో దాడి జరగనే లేదు. 7వ తేదీకల్లా అమెరికా కాంగ్రెస్ తీర్మానం పాస్ చేసేసింది. 1939లో గ్లైవిట్జ్ రేడియో స్టేషన్ మీద జర్మన్లే పోలండ్ వాళ్ళ వేషంలో దాడి చేయించి దాన్ని సాకుగా చూపించారు. ఇవాళ ఎక్కడో డ్రోన్ పడిందనో, ఓడ పేలిందనో వార్త వస్తే నాకు ముందు ఆ అడవే గుర్తొస్తుంది.

తర్వాత కథ అందరికీ తెలిసిందే. మట్టికోట, ఫ్రెంచి ఫిరంగులు. లోపలి ఆడవాళ్ళని, పిల్లల్ని శత్రువు చేతిలో పడకుండా సొంతవాళ్ళే చంపుకున్నారు. రోజులు తిరగకుండా తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజుని చంపాడు.

లాభపడిందెవరు? బుస్సీని మరుసటి ఏడాదే వెనక్కి పిలిచేశారు. విజయరామరాజు తర్వాత వచ్చిన ఆనంద గజపతి ఫ్రెంచివాళ్ళ మీద కోపంతో ఇంగ్లీషువాళ్ళని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. అలా పిలిచి తెచ్చుకున్న కంపెనీయే 1794 జులై 10న పద్మనాభం దగ్గర విజయనగరం చిన విజయరామరాజుని చంపింది, పేష్కష్ (కప్పం) బకాయిల పేరుతో. ఇద్దరు జమీందార్ల తగువులోకి బయటివాడి ఫిరంగి వస్తే అది ఇద్దరినీ చూసుకుని గానీ పోదు.

పెద్దచెరువు గట్టు (విజయనగరం)

వీణగారూ, అంతా మా రాజు మీదకే తోసేస్తే ఎలాగండీ? వేరే భూములిస్తామన్నప్పుడు తీసుకునుంటే కోటలో అంతమంది చావకపోదురు.

బొబ్బిలి వీణ

ఉక్రెయిన్‌ని దోన్బాస్ ఇచ్చేసి గొడవ వదిలించుకోమన్నవాళ్ళూ ఇదే మాట అన్నారండి. తాతల కోట వదిలి పొమ్మంటే పోయేవాడెవడు?

పెద్దచెరువు గట్టు

పౌరుషం ఇద్దరికీ ఉంది. వినేవాళ్ళే లేరు. మా పైడితల్లి కథ మీకూ తెలుసు. విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ ఈ యుద్ధం వద్దని అన్నకి చెప్పిందంటారు. ఆయన వినలేదు. చావు కబురు తెలిసి ఆమె పెద్దచెరువులో కలిసిపోయిందంటారు. ఇప్పుడు దసరా వెళ్ళిన మంగళవారం సిరిమానుకి లక్షలమంది వస్తారు, వద్దన్న ఆడపిల్లకే మొక్కుతారు. ఉన్నప్పుడు ఆ మాట ఒక్కడు విన్నా బాగుండేది.

నిర్వాహకులు

1757 నాటి తగువు ఇక్కడ మళ్ళీ మొదలెట్టొద్దని బొబ్బిలి, విజయనగరం సభ్యులకి మనవి. ఇక్కడ ఫిరంగులు లేవు గానీ బ్లాక్ చేసే బటన్ ఉంది.

శాలిహుండం (గార)

చిన్న చేర్పు. ఇంకా వెనక్కి పోతే కళింగ యుద్ధం ఉంది. లక్షమంది చచ్చారు, లక్షన్నర మందిని పట్టుకుపోయారు అని అశోకుడే తన పదమూడో శాసనంలో బాధపడుతూ చెక్కించాడు. ఆ శాసనం వాయవ్యాన షాబాజ్‌గఢీలో కనపడుతుంది, గుజరాత్‌లో గిర్నార్‌లో కనపడుతుంది. కళింగలో ఉన్న ధౌళిలో గానీ, బరంపురం దాటాక వచ్చే జౌగడలో గానీ అది లేదు. దాని బదులు ప్రజలంతా నా బిడ్డలే, వాళ్ళని బాగా చూసుకోండి అని అధికారులకి ఆదేశాలు చెక్కించాడు. గెలిచినవాడి పశ్చాత్తాపం ఓడినవాడి ఊళ్ళో తప్ప అన్నిచోట్లా వినపడింది.

నేను ఎంతో గౌరవించే రాజే. అయినా అక్కడ ఆ రాతి ముందు నిలబడితే గుచ్చుకుంటుంది.

ఉద్దానం టు దోహా (కవిటి)

నేను ఖతార్‌లో పైప్ ఫిట్టర్‌ని. 2025 జూన్ 23 సాయంత్రం డ్యూటీ దిగి క్యాంపుకి వచ్చాను. విమానాలు ఆపేశారని ఫోన్లో మెసేజ్. కాసేపటికి ఆకాశంలో వెలుగులు, తలుపులు అదిరేంత శబ్దం. ఇరాన్ వాళ్ళు ఇక్కడున్న అమెరికా అల్ ఉదీద్ స్థావరం మీద క్షిపణులు వేశారు. మేం గదిలో ఉన్నవాళ్ళం అందరం ఉద్దానం వాళ్ళమే. ఒకడు నవ్వుతున్నాడు, ఒకడు ఏడుస్తున్నాడు, ఇద్దరికీ కారణం అదే. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ మాకంటే ముందే టీవీలో చూసేసింది.

మర్నాడు తెలిసింది, ఇరాన్ వాళ్ళు ముందే కబురు చెప్పి మరీ కొట్టారని. ఎవరూ చావలేదు. పరువు నిలబడింది, కాల్పులు ఆగాయి. హమ్మయ్య అనుకున్నాం. మాస్టారూ, ఇలా చెప్పి కొట్టుకోవడం పాత యుద్ధాల్లో ఉందా?

గంటస్తంభం

పాత యుద్ధాల సంగతి తర్వాత బాబూ, అయిదేళ్ళ ముందే ఉంది. 2020 జనవరిలో ఇరాన్ సేనాని సులేమానీని అమెరికా చంపాక ఇరాన్ ఇరాక్‌లోని అల్ అసద్ స్థావరం మీద ఇలాగే ముందుగా ఇరాక్‌కి చెప్పి కొట్టింది. అమెరికా సైనికుల్లో వందకి పైగా మందికి మెదడు గాయాలైనా ఒక్కరూ చనిపోలేదు. అంతా లెక్క ప్రకారం జరిగినట్టే కనపడింది. కానీ అదే తెల్లవారుజామున టెహ్రాన్‌లో ఎదురుదాడి వస్తుందేమోనన్న ఆదుర్దాలో ఉన్న వాళ్ళ రక్షణ దళం ఉక్రెయిన్ ప్రయాణికుల విమానాన్ని శత్రు క్షిపణి అనుకుని కూల్చేసింది. 176 మంది. మన దగ్గర 2019 ఫిబ్రవరి 27న బుద్గాంలో మన ఎంఐ-17 హెలికాప్టర్‌ని మన క్షిపణే కూల్చింది. ఆరుగురు వాయుసేన వాళ్ళు, కింద ఒక పౌరుడు పోయారు.

లెక్క పైన కూర్చున్నవాళ్ళది. ట్రిగ్గర్ దగ్గర నిద్రలేని మనిషి ఉంటాడు. 1962 అక్టోబరు 27న క్యూబా దగ్గర సముద్రం అడుగున సోవియట్ బి-59 సబ్‌మెరీన్‌లో కెప్టెన్ అణు టార్పెడో సిద్ధం చేయమన్నాడు. పైన యుద్ధం మొదలైందో లేదో వాళ్ళకి తెలియదు, లోపల ఊపిరాడని వేడి. అర్ఖిపోవ్ అనే అధికారి ఆపాడు. ఆయన ఆ ఓడలో ఉండటం యాదృచ్ఛికమే. కెన్నెడీ, కృశ్చేవ్ ఎంత తెలివిగా బేరమాడుకున్నా ఆ నిమిషంలో వాళ్ళ చేతిలో ఏమీ లేదు.

ఎచ్చెర్ల తీరం

మా గురించి కూడా రాయాలి. 2018 నవంబరులో గుజరాత్ వెరావల్ నుంచి వేటకెళ్ళిన మా వాళ్ళని పాకిస్తాన్ కోస్టు పడవలు పట్టుకున్నాయి. మా జిల్లా, విజయనగరం కలిపి ఇరవై మందికి పైనే. మాకు ఇక్కడ సుమారు వెయ్యి కిలోమీటర్ల రాష్ట్ర తీరం ఉంది గానీ మా జిల్లాలో బోట్లు కట్టుకునే జెట్టీ లేదు, అందుకే అడ్వాన్సు తీసుకుని ఏటా గుజరాత్ పోతాం. అక్కడ సర్ క్రీక్ దగ్గర సముద్రంలో గీత ఎక్కడుందో రెండు దేశాలూ ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఒప్పుకోని గీత దాటావని పట్టుకుంటారు.

మా వాళ్ళు కరాచీ లాంధీ జైల్లో ఉండగా పుల్వామా అయింది, బాలాకోట్ అయింది. ఊళ్ళో కుర్రాళ్ళు టీవీ ముందు ఈలలు వేస్తుంటే ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు తలుపులేసుకున్నారు. అక్కడ జైల్లో ఇప్పుడు ఏం చేస్తారోనని. అంతకుముందు వస్తున్న ఉత్తరాలు ఆగిపోయాయి. చివరికి 2020 జనవరి 6న ఇరవై మందిని వాఘా దగ్గర వదిలారు.

ఒక సంగతి అందరికీ తెలియాలి. ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ తమ జైళ్ళలో ఉన్న ఎదుటి దేశం వాళ్ళ జాబితా ఇచ్చిపుచ్చుకుంటాయి. మత్స్యకారులది వేరే లెక్క. 2025 మేలో అంత గొడవ జరిగాక కూడా జులై 1న ఇచ్చుకున్నారు. పేపర్లో లోపలి పేజీలో రెండు లైన్లు వస్తుంది. మా ఊళ్ళో ఆ రోజు అదే హెడ్డింగు.

మాజీ హవల్దార్

జనవరి 1న ఇంకో జాబితా కూడా ఇచ్చుకుంటారు తమ్ముడూ. అణు కేంద్రాలు ఎక్కడెక్కడున్నాయో. 1988లో ఒప్పందం, 1992 నుంచి ఒక్క ఏడాదీ మానలేదు. కార్గిల్ తర్వాతా ఇచ్చారు, మేం ఇసుకలో కూర్చున్న ఏడాదీ ఇచ్చారు. 1914 జులైలో వాళ్ళ మధ్య లేనివి ఇలాంటి పనులే.

రంగం మనవరాలు (సోంపేట)

మీ అందరి రాతలూ చదివాక నాకు మా తాతయ్య రంగంలో (బర్మాలోని రంగూన్‌లో) గడిపిన ఆఖరి చలికాలం రాయాలనిపించింది. ఇక్కడి నుంచి బారువ రేవులో ఓడెక్కి రంగం పోయేవారు. ఆయన డాక్‌లో మూటలు దించేవారు.

1941 డిసెంబరు 23న జపాన్ వాళ్ళు రంగం మీద మొదటిసారి బాంబులు వేశారు. క్రిస్మస్‌కి మళ్ళీ వేశారు. డాక్ కూలీలంతా ప్రోం దారి పట్టారు. ప్రభుత్వం వాళ్ళు నచ్చజెప్పి, కొందరిని అడ్డుపడి వెనక్కి తిప్పారు. ఓడలు దించే మనుషులు లేకపోతే రంగం నడవదు కదా. ఏం భయం లేదు, సింగపూరు ఉంది అన్నారు. తాతయ్య నమ్మి వెనక్కొచ్చారు. ఫిబ్రవరి 15న ఆ సింగపూరు పడిపోయింది. అప్పుడు ఓడలో డెక్ టికెట్టు కూలీ మగవాళ్ళకి ఇవ్వమన్నారట. మార్చి 8న జపాన్ వాళ్ళు రంగంలోకి వచ్చేసరికి ఆయన అరకాన్ కొండల్లో నడుస్తున్నారు. అలా నడిచి వచ్చినవాళ్ళు లక్షల్లో. దారిలో కలరాకి, ఆకలికి పోయినవాళ్ళు వేలల్లో. ఆయన ఇల్లు చేరేసరికి ఏప్రిల్ 6న విశాఖ మీదే బాంబులు పడి, జనం అక్కణ్ణుంచి మన ఊళ్ళకి పరిగెత్తుకొస్తున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరు తరలించారు. ఇక్కడికీ వచ్చేసిందా అన్నారట ఆయన.

2022 ఫిబ్రవరి 15న కీవ్‌లో మన ఎంబసీ, ఉండాల్సిన అవసరం లేని విద్యార్థులు వెళ్ళిపోతే మంచిదని ప్రకటన ఇచ్చింది. మా పిన్ని కొడుకు ఖార్కివ్‌లో మెడిసిన్ చదివేవాడు. కాలేజీవాళ్ళు ఆన్‌లైన్ క్లాసులు పెట్టం, హాజరు పోతుంది అన్నారు. టికెట్టు రేట్లు చూసి పిన్ని వాళ్ళు వచ్చే వారం చూద్దాం అన్నారు. 24న బాంబులు మొదలయ్యాయి. మెట్రో స్టేషన్ కింద నుంచి వాడు ఫోన్ చేసినప్పుడు పిన్ని మా తాతయ్య పేరెత్తి ఏడ్చింది. వాడు పోలండ్ సరిహద్దు దాటి క్షేమంగానే వచ్చాడు.

మాస్టారు 1914, 1938 అంటున్నారు. నాకు కావలసింది ఇంకొకటి. పని ఆగకూడదనుకునేవాడు ఏం భయం లేదు, ఉండు అంటాడు. రంగంలో డాక్ వాళ్ళు అన్నారు, ఖార్కివ్‌లో కాలేజీవాళ్ళు అన్నారు. ఎప్పుడు బయల్దేరాలో నిజం చెప్పేవాడు ఎవరు? దోహా అన్నయ్యా, ఆ జూన్‌లో మీ కంపెనీవాళ్ళు ఏం చెప్పారు?

ఉద్దానం టు దోహా

మర్నాడు పొద్దున్న షిఫ్ట్ ఉంది, బస్సు టైముకే వస్తుంది అని చెప్పారమ్మా. వచ్చింది కూడా.

పాస్‌పోర్ట్ ఇప్పుడు నా దగ్గరే పెట్టుకున్నాను. ఇంటికి వెళ్ళేంత టికెట్టు డబ్బు విడిగా ఉంచాను. మా గదిలో అందరికీ అదే చెప్పాను.

వంశధార కుర్రాడు

అక్కా, మీది చదివాను. ఎచ్చెర్ల అన్నది కూడా చదివాను. ఈలలు వేసినవాళ్ళలో నేనూ ఉండి ఉంటాను, అప్పుడు నైన్త్ క్లాసు.

కానీ 1938 నేను వదలను. రంగం మీద బాంబులు వేసిన జపాన్ వాళ్ళని 1931లో చైనాలోని మంచూరియా మీద పడ్డప్పుడే గట్టిగా ఆపి ఉంటే మీ తాతగారు కొండలెక్కి నడవాల్సిన పనే లేదు. బాబాయ్‌గారు చెప్పిన జాబితాలు, ఫోన్లు అన్నీ ఉండాలి. ఆ ఫోన్ అవతలివాడు ఎత్తాలంటే మన దగ్గర ఏదో ఉందని వాడికి తెలియాలి కదా. మాస్టారూ, దీనికి ఈడెన్ కథ సరిపోదు.

గంటస్తంభం

సరిపోదు. మంచూరియా గట్టి పాయింటే. నానాజాతి సమితి విచారణ సంఘాన్ని వేసి, నివేదిక ఆమోదించి ఊరుకుంది. 1933లో జపాన్ సమితిలోంచి లేచిపోయింది. దీనికి నా దగ్గర జవాబుంది గానీ రేపు రాస్తాను, పేపర్లు దిద్దాలి.

మాజీ హవల్దార్

కుర్రాడా, రేపు మాస్టారు రాసేలోపు నువ్వు పొద్దున్నే కోడి రామమూర్తి స్టేడియానికి రా. తారు రోడ్డు మీద పరిగెడితే మోకాళ్ళు పోతాయి, ట్రాక్ మీద చూద్దాం ఎంతలో కొడుతున్నావో. మంచూరియా సంగతి రౌండ్లు అయ్యాక.